బ్యాండికూట్: అర్థం, పుట్టుక, వాడుక (తరచుగా అడిగే ప్రశ్నలు)

తెలుగు నుంచి నేరుగా ఇంగ్లీషులోకి వెళ్ళి నిలబడ్డ మాటలు చాలా కొద్ది. వాటిలో అన్నిటికన్నా దూరం పోయింది మన పందికొక్కు. దారిలో దాని ఉచ్చారణ మారింది, చివరికి అది సూచించే జంతువే మారిపోయింది. అందుకే ఈ మాట విషయంలో అనువాదకులు, విద్యార్థులు, పత్రికల వాళ్ళు తరచూ తికమకపడుతుంటారు. ఎక్కువగా వచ్చే సందేహాలకు జవాబులు ఇవి.

బ్యాండికూట్ అంటే ఏ జంతువు?

అది ఏ దేశపు ఇంగ్లీషు అన్నదాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో, చుట్టుపక్కల దేశాల్లో బ్యాండికూట్ అంటే పందికొక్కు: గోడల కింద, మురుగు కాలువల్లో, వరి గట్లలో బొరియలు తవ్వే పెద్ద ఎలుక. ఆస్ట్రేలియాలోనూ న్యూగినీలోనూ అదే మాటకు అర్థం వేరు. అక్కడ బ్యాండికూట్ అంటే కంగారూలాగా పిల్లల్ని పొట్టసంచిలో పెంచే, పొడుగు మూతి ఉన్న చిన్న జంతువు. ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకటి ఎలుకల కుటుంబంలోది, రెండోది సంచిజీవి.

ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇప్పుడు రెండో అర్థమే ఎక్కువ చెల్లుబాటులో ఉంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఈ మాట వినేవారికి ముందు తోచేది ఆస్ట్రేలియా జంతువే. తెలుగువాళ్ళకు ఇది కాస్త చివుక్కుమనిపించే సంగతే కానీ, రాసేటప్పుడు గుర్తుపెట్టుకోక తప్పదు.

ఎలా పలకాలి? స్పెల్లింగ్ ఏమిటి?

ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. చివర 'కూట్'లో దీర్ఘం ఉంది; 'బూట్'కి ప్రాస కుదిరేలా పలకాలి. 'బ్యాండికాట్', 'బాండికట్' రెండూ తప్పే. స్పెల్లింగ్ బి, ఏ, ఎన్, డి, ఐ, సి, ఓ, ఓ, టి. మధ్యలో 'కె' రాయడం, చివర 'టి' రెండుసార్లు రాయడం సాధారణంగా దొర్లే తప్పులు. బహువచనానికి 'ఎస్' చేరిస్తే సరిపోతుంది.

తెలుగు లిపిలో బాండికూట్ అనీ రాస్తారు, బ్యాండికూట్ అనీ రాస్తారు. ఉచ్చారణకు రెండోది దగ్గర.

ఇది నిజంగా తెలుగు మాటేనా? మనవాళ్ళు గొప్పకోసం చెప్పుకుంటున్నదా?

నిజంగా తెలుగే. ఇంగ్లీషు నిఘంటువులన్నీ ఒప్పుకున్న విషయం ఇది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల కోశం పందికొక్కు అన్న తెలుగు మాటనే మూలంగా చూపించి, 'పంది ఎలుక' అని అర్థం చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద నిఘంటువులూ అదే మాట అన్నాయి.

ఇంత నమ్మకంగా చెప్పడానికి అసలు కారణం పక్క భాషల్లో దొరుకుతుంది. ఈ ఎలుక దక్షిణాది అంతటా ఉంది. తమిళంలో పెరుచ్చాళి అంటారు, మలయాళంలోనూ దాదాపు అదే. కన్నడంలో హెగ్గణ. హిందీలో, మరాఠీలో ఘూస్. వీటిలో ఏదీ బ్యాండికూట్ పోలికలోకి రాదు. 'పంది', 'కొక్కు' రెండూ పక్కపక్కన కలిసి ఈ జంతువుకు పేరైంది తెలుగులోనే. రూపం కుదిరింది, అర్థం కుదిరింది, ఇంగ్లీషువాళ్ళు కోరమండల్ తీరంలో (మన తూర్పు తీరంలో) కాపురం ఉన్న కాలమూ కుదిరింది. మాట పుట్టుకను నిర్ణయించడానికి ఈ మూడూ కావాలి. వినడానికి ఒకేలా ఉన్నాయి కదా అని రెండు మాటలకు ముడిపెట్టేస్తే చెల్లదు.

'ప' కాస్తా 'బ' ఎలా అయింది? 'కొక్కు' కాస్తా 'కూట్' ఎలా అయింది?

మొదటిదానికి జవాబు సులువు. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే 'పి' శబ్దంలో ఊపిరి గట్టిగా బయటికి వస్తుంది. నోటి ముందు చెయ్యి పెట్టుకుని ఇంగ్లీషు 'పెన్' అని వాళ్ళలాగా పలికితే గాలి తగులుతుంది. తెలుగు 'ప'లో ఆ గాలి లేదు. అలా గాలి లేని 'ప' ఇంగ్లీషు చెవికి 'బి'లా వినబడే అవకాశం ఎక్కువ. అలాగని అన్ని మాటల్లోనూ ఇలాగే జరిగిందనుకోకూడదు. మన పల్లకి పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషులోకి పోయినప్పుడు 'ప'ను పోగొట్టుకోలేదు.

చివరి భాగం అంత సూటిగా తేలదు. చివరి 'ఉ' రాలిపోవడం మామూలే. మిగిలిన 'కొక్' మాత్రం 'కూట్' ఎందుకైంది? ఇంగ్లీషులో 'కూట్' అనే పేరుతో ఒక నీటిపక్షి అప్పటికే ఉంది. అర్థం తెలియని పరాయి మాటను తెలిసిన మాట రూపంలోకి లాక్కోవడం ఏ భాషకైనా అలవాటే. మనం 'హాస్పిటల్'ని ఆసుపత్రి చేసుకోలేదా? ఇక్కడా అదే జరిగి ఉంటుందని మా అంచనా.

ఇంగ్లీషువాళ్ళకు ఈ మాట ఎక్కడ తగిలింది? ఎప్పటిది?

ఈస్టిండియా కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టారు. విశాఖపట్నం, మద్రాసు తర్వాత వచ్చాయి. మద్రాసులోనూ దుబాసీలు, వర్తకులు చాలామంది తెలుగువాళ్ళే. సరుకు నింపిన గిడ్డంగులు, పడవ రేవులు, తిండిగింజల మూటలు ఉన్నచోట పందికొక్కు లేకుండా ఉండదు. గిడ్డంగి కాపలావాడి నోటివెంట దొరల చెవిన పడే మాటల్లో ఇది ముందు వరసలోనే ఉండి ఉంటుంది.

అచ్చులో మాత్రం నిఘంటువులు చూపే మొదటి ఏడాది 1789. కోరమండల్ తీరంలో జరిగిన యుద్ధాల గురించి ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి రాసిన పుస్తకంలో ఈ మాట ఉంది. తమాషా ఏమిటంటే, ఆయన దాన్ని కస్తూరి ఎలుక అన్నాడు, దాని దుర్వాసనే పెద్ద బాధ అన్నాడు. ఆ లెక్కన ఆయన చెప్పింది పందికొక్కు గురించి కాదు, చుంచు గురించి. ఇళ్ళలో గోడవారగా కీచుమంటూ పరుగెత్తే మొనమూతి చుంచుకే ఆ వాసన ఉంటుంది. ఇంగ్లీషు అచ్చులో మొదటిసారి కనబడినప్పుడే మన మాట తప్పు జంతువు మీద వాలిందన్నమాట. ముందుముందు జరగబోయేదానికి ఇది శకునంలా ఉంది.

ఇబ్న్ బటూటా కూడా పందికొక్కుల గురించి రాశాడంటారు. అయితే మాట ఇంకా పాతదేనా?

ఇబ్న్ బటూటా మొరాకో యాత్రికుడు. 14వ శతాబ్దంలో ఆయన దేవగిరి కోటలోని చెరసాలలో పిల్లులకన్నా పెద్ద ఎలుకలు ఉన్నాయని రాశాడు. ఆ ఎలుకలు పందికొక్కులే కావచ్చు. కానీ ఆయన వాటిని ఈ పేరుతో పిలవలేదు. జంతువు కనబడటం వేరు, మాట కనబడటం వేరు. మాట పుట్టుకకు ఆ వర్ణనను సాక్ష్యంగా వాడకూడదు.

ఎలుకకు పందితో పోలిక ఎందుకొచ్చింది?

పెద్ద పందికొక్కును దగ్గరగా చూసినవాళ్ళకు ఈ ప్రశ్న రాదు. తల, మొండెం కలిపి 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బాగా ఎదిగినది కిలో దాకా తూగుతుంది. ఒంటిమీద గరుకైన ముదురు వెంట్రుకలు. మూలకు తరిమితే వీపు మీది పొడుగు వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుగుర్రుమంటూ ఎదురు తిరుగుతుంది. ఆ గురక పందిదే. దీనికితోడు మట్టిని పెళ్ళగించే పద్ధతి. పెరట్లో ఒక్క రాత్రిలో అది తోడిపోసిన మట్టిగుట్ట చూస్తే ఈ పని ఎలుకదంటే నమ్మబుద్ధి కాదు.

'కొక్కు' అంటే?

ఎలుకే. విడిగా ఈ మాట ఇప్పుడు మాటల్లో పెద్దగా వినబడదు. పందికొక్కులో మాత్రం బతికి ఉంది.

ఆస్ట్రేలియా జంతువుకు తెలుగు పేరు ఎలా వచ్చింది?

1788లో బ్రిటిష్‌వాళ్ళు న్యూ సౌత్ వేల్స్‌లో వలస ఏర్పాటు చేశారు. అక్కడి జంతువులు వాళ్ళు ఎన్నడూ చూడనివి. కొత్తదాన్ని చూసినప్పుడల్లా తమకు తెలిసిన ఏదో ఒక జంతువు పేరు తగిలించడం వాళ్ళకు రివాజు. కోలాను ఎలుగుబంటి అన్నది అలాగే. పొడుగు మూతితో నేల తవ్వుతూ, పిల్లి కన్నా చిన్నగా, ఎలుక కన్నా పెద్దగా ఉన్న ఒక జంతువు కనిపించేసరికి, ఇండియా ఓడల్లో, సైన్యంలో తిరిగినవాళ్ళ నోట నలుగుతున్న బ్యాండికూట్ అన్న పేరు పెట్టేశారు. ఈ వాడుకకు సాధారణంగా అన్వేషకుడు జార్జ్ బాస్ పేరు, 1799వ సంవత్సరం చెబుతారు.

అక్కడి ఆదివాసుల భాషల్లో ఆ జంతువులకు ముందే పేర్లున్నాయి. వాటిలో కొన్ని ఇంగ్లీషులోకీ వచ్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం బ్యాండికూట్‌ను ఇప్పటికీ క్వెండా అంటారు. అది నూంగార్ భాష మాట. బిల్బీ అన్న పేరు యువాలరాయ్ భాషది. మిగతావాటికి మాత్రం సముద్రం దాటి వచ్చిన మన పేరే ఖాయమైంది.

ఈ పేర్ల గందరగోళానికి కొసమెరుపు ఒకటుంది. ఆస్ట్రేలియా లోపలి పొడినేలల్లో ఒకప్పుడు 'పిగ్ ఫుటెడ్ బ్యాండికూట్' అనే జంతువు ఉండేది. ముందుకాళ్ళకు రెండే వేళ్ళు నేలకానడంతో పందిగిట్టల్లా కనబడేవి. తెలుగులోకి మార్చుకుంటే అది 'పందికాళ్ళ పంది ఎలుక'! పేరు పెట్టినవాళ్ళకు బ్యాండికూట్‌లో అప్పటికే ఒక పంది ఉందని తెలిసే దారి లేదు. దాని శాస్త్రీయ నామంలోని రెండో మాటకు 'తోక లేనిది' అని అర్థం. నిజానికి దానికి తోక ఉంది. 1836లో దొరికిన మొదటి నమూనాకు మాత్రం ఊడిపోయింది. 20వ శతాబ్దంలో ఆ జంతువు పూర్తిగా అంతరించింది.

రెండు బ్యాండికూట్‌లకూ తేడా ఎలా పట్టాలి? బొమ్మ చూసి చెప్పగలమా?

చెప్పవచ్చు. ముందు పళ్ళు చూడండి. ఎలుకకు పైన ఒక జత, కింద ఒక జత పెద్ద కొరుకుడు పళ్ళుంటాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఆస్ట్రేలియా జంతువుకు అలాంటి ఉలిపళ్ళు ఉండవు, ముందువైపు చిన్న చిన్న పళ్ళు చాలా ఉంటాయి. మూతి కూడా ఎలుకదానికన్నా బాగా సాగి, సన్నగా ఉంటుంది. వెనక కాళ్ళు ముందుకాళ్ళకన్నా పొడుగు. వెనక పాదంలో రెండో వేలు, మూడో వేలు ఒకదానికొకటి అతుక్కుని, గోళ్ళు మాత్రం విడిగా ఉంటాయి. వాటితో ఒళ్ళు దువ్వుకుంటుంది.

ఆడదానికి పొట్టసంచి ఉంటుంది. అది వెనక్కి తెరుచుకుంటుంది. నేల తవ్వేటప్పుడు మట్టి సంచిలో పడకుండా ఈ ఏర్పాటు పనికొస్తుంది. కొన్ని రకాల్లో గర్భం పన్నెండున్నర రోజులే. పాలిచ్చే జంతువుల్లో ఇంత తక్కువ గర్భకాలం అరుదు.

తిండిలోనూ తేడా ఉంది. పందికొక్కు ముఖ్యంగా గింజలు, దుంపలు, మనం పారేసే తిండి తింటుంది. ఆస్ట్రేలియా బ్యాండికూట్ పురుగులు, వానపాములు, నేలలోని శిలీంధ్రాలు, కొంత దుంపా వేరూ తింటుంది. పచ్చిక మీద గరాటు ఆకారపు చిన్న గుంటలు చేసిపోతుంది. అక్కడ చట్టం దాన్ని కాపాడుతుంది. ఇక్కడ పందికొక్కుకు బోను పెడతారు.

పందికొక్కుల్లోనూ రకాలున్నాయా? శాస్త్రీయ నామాల్లో మన మాట ఉందంటారు, నిజమేనా?

ఉంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టారు. లాటిన్ తొడుగు తొడుక్కున్న పందికొక్కు అది. 'బాండికోటా ఇండికా' పెద్ద పందికొక్కు. 'బాండికోటా బెంగాలెన్సిస్' చిన్నది; బరువు సాధారణంగా అరకిలో లోపే, తోక మొండెం కన్నా పొట్టి. మూడోది 'బాండికోటా సావిలీ', ఆగ్నేయాసియాలో ఉంటుంది.

మన రైతును ఎక్కువగా ముంచేది చిన్నదే. కోతకొచ్చిన వరి వెన్నులను కొరికి బొరియలోని అరల్లో దాచుకుంటుంది, బొరియ నోటిని గుల్లమట్టితో మూసేస్తుంది. నెల్లూరు ప్రాంతంలో యానాదులు బొరియలు తవ్వి ఎలుకలతోపాటు ఆ వడ్లనూ బయటికి తీయడం పాత అలవాటు. వ్యవసాయ శాఖ ఇంగ్లీషు కరపత్రాల్లో 'లెస్సర్ బ్యాండికూట్' అనీ, కొన్ని పుస్తకాల్లో 'ఇండియన్ మోల్ ర్యాట్' అనీ కనబడేది ఇదే. రెండు పేర్లు చూసి రెండు జంతువులనుకుని వేర్వేరు తెలుగు పేర్లు పెట్టకండి.

ఆస్ట్రేలియా జంతువుల శాస్త్రీయ నామాల్లో మాత్రం ఈ మాట లేదు. వాటి ప్రజాతులు పెరమెలిస్, ఐసూడాన్ వంటివి. అనుమానం వస్తే శాస్త్రీయ నామం చూడటమే దగ్గర దారి: బాండికోటా అని ఉంటే మనది, లేకపోతే వాళ్ళది.

ఇంగ్లీషులో రాసేటప్పుడు పందికొక్కుకు ఏ మాట వాడాలి?

చదివేదెవరో చూసుకోండి. హైదరాబాద్, విజయవాడ, చెన్నై పాఠకులకైతే బ్యాండికూట్ ఒక్కటే చాలు. మున్సిపాలిటీకి రాసే ఫిర్యాదులోనూ అంతే. విదేశీ పాఠకుడు ఉన్నాడనుకుంటే మొదటిసారి 'బ్యాండికూట్ ర్యాట్' అని రాయండి, ఆ తర్వాత బ్యాండికూట్ అని కుదించవచ్చు. పరిశోధన వ్యాసంలో శాస్త్రీయ నామం తప్పనిసరి, ఎందుకంటే పెద్దదా చిన్నదా అన్నది తేలకపోతే మీ లెక్కలు ఎవరికీ ఉపయోగపడవు.

ఉత్త 'ర్యాట్' అని రాస్తే తప్పు కాదు కానీ పరిమాణం పోతుంది. 'బిగ్ ర్యాట్' కన్నా బ్యాండికూట్ మేలు. 'పిగ్ ర్యాట్' అని మాటకు మాట తిప్పితే ఎవరికీ అర్థం కాదు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడో?

ఆస్ట్రేలియా జంతువు గురించైతే పందికొక్కు అని రాయకండి. పుట్టుకను బట్టి అదే మాట అయినా, ఈ రోజు అది తప్పు అనువాదం. 'అంతరించిపోతున్న పందికొక్కును కాపాడుతున్నారు' అని చదివిన తెలుగు రైతు ఏమనుకుంటాడో ఊహించండి. బ్యాండికూట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'ఆస్ట్రేలియాలోని సంచిజీవి' అని ఒక ముక్క చేర్చండి.

ఇలాంటి వార్తలు నిజంగానే వస్తుంటాయి. విక్టోరియా రాష్ట్రంలో చారల బ్యాండికూట్ ఒకటి అడవిలో కనుమరుగైందని ప్రకటించారు. కంచెలు కట్టిన రక్షిత ప్రాంతాల్లో, నక్కలు లేని దీవుల్లో పెంచాక, 2021లో దాన్ని ఆ జాబితా నుంచి తీసి 'ప్రమాదంలో ఉన్న జంతువు'గా మార్చారు. ఈ వార్తను యంత్రానువాదానికి ఇస్తే పందికొక్కు వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

'పందికొక్కుల్లా తింటున్నారు' అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తెలుగులో పందికొక్కు అంటే జంతువు మాత్రమే కాదు, అది ఒక తిట్టు కూడా. ప్రజల సొమ్మును లోపల్లోపల తవ్వుకు తినేవాళ్ళను, పనిచెయ్యకుండా మేసేవాళ్ళను అలా అంటాం. దొంగచాటుతనం, అంతులేని ఆకలి, గోడ కూలేదాకా బయటపడకపోవడం, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇంగ్లీషు బ్యాండికూట్‌కు ఈ అర్థమే లేదు. 'లైక్ బ్యాండికూట్స్' అని రాస్తే మన ఊళ్ళో ఇంగ్లీషు చదివేవాళ్ళకు అందుతుంది, బయటివాళ్ళకు అందదు. సిడ్నీలోని పాఠకుడికైతే ముద్దొచ్చే జంతువు గుర్తొస్తుంది. అక్కడివాళ్ళకు 'తొట్టి దగ్గర మూతులు పెట్టిన పందులు' అన్న వాళ్ళ సొంత నుడికారం వాడటమే సరి. ఎలుక పోయినా పంది మిగులుతుంది. రాజకీయ ప్రసంగాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వాల్సి వస్తే బ్యాండికూట్ ర్యాట్ అని రాసి, 'ధాన్యపు కొట్టును గుల్లచేసే పెద్ద ఎలుక' అని వాక్యంలోనే ఇమిడ్చి చెప్పండి.

హిందీలో ఘూస్ అంటే పందికొక్కూ, లంచమూ కూడా. ఉత్తరాదివాళ్ళకు ఈ తిట్టు విడమరచి చెప్పాల్సిన పని ఉండదేమో.

దీన్ని క్రియగా కూడా వాడతారా?

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇంగ్లీషులో వాడతారు. 'టు బ్యాండికూట్' అంటే మొక్కను పీకకుండా, పక్కనుంచి మట్టిలోకి చెయ్యి పెట్టి బంగాళాదుంపలు తీయడం. మొదట్లో ఇది దొంగల పని: పైన ఆకులు అలాగే నిలబడి ఉంటాయి కాబట్టి తోట యజమానికి వెంటనే తెలియదు. ఇప్పుడు ఇంటితోట పెంచేవాళ్ళు మంచి అర్థంలోనే ఆ మాట వాడుతున్నారు.

పద్ధతి ఇది. మొక్క పూతకొచ్చాక, మొదలుకు ఒక పక్కన మట్టిని చేత్తోనే నెమ్మదిగా తీయాలి. పార వాడితే వేళ్ళు తెగుతాయి, దుంపలు గాట్లు పడి కుళ్ళుతాయి. కోడిగుడ్డంత అయిన రెండు మూడు దుంపలు తీసుకుని, మిగతావి కదలకుండా వదిలి, మట్టి మళ్ళీ కప్పెయ్యాలి. కప్పడం మరిస్తే వెలుతురు తగిలిన దుంపలు పచ్చబడతాయి, వాటిలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఇక కూరకు పనికిరావు. చర్మం పలచగా ఉండే ఈ లేత దుంపలు నిలవుండవు. ఆ రోజో మర్నాడో వండుకోవాలి.

భూతకాల రూపానికి 'ఈడీ' చేరుతుంది, చివరి 'టి' రెట్టింపు కాదు. మన ఇంగ్లీషులో ఈ క్రియ లేదు. ఇక్కడ వాడితే అర్థం చేసుకునేవాళ్ళు దొరకరు.

ఈ మాటతో ఇంగ్లీషు నుడికారాలు ఏమైనా ఉన్నాయా?

ఆస్ట్రేలియాలో ఉన్నాయి. 'బ్యాండికూట్‌లా దిగాలుగా', 'బ్యాండికూట్‌లా బోడిగా' అన్న పోలికలు పాత వాడుకలో వినబడతాయి. ఆ జంతువు బోడిదేమీ కాదు, ఒళ్ళంతా బొచ్చే. ఇంగ్లీషులో 'బి'తో మొదలయ్యే రెండు మాటలు జత కుదిరాయని అలా అనేశారనిపిస్తుంది. పరీక్షల్లో, ఉద్యోగ లేఖల్లో వీటి జోలికి పోకండి.

బిల్బీ కూడా బ్యాండికూటేనా?

దగ్గర చుట్టం. ఒకే క్రమానికి చెందినవి. కుందేలు చెవులుంటాయి కాబట్టి దానికి 'ర్యాబిట్ ఇయర్డ్ బ్యాండికూట్' అన్న పాతపేరూ ఉంది. ఈస్టర్ పండుగకు ఆస్ట్రేలియాలో చాక్లెట్ కుందేలు బదులు చాక్లెట్ బిల్బీ అమ్మడం కూడా ఉంది. బయటినుంచి వచ్చిన కుందేళ్ళు అక్కడి నేలను పాడుచేశాయన్న కోపం దాని వెనక కారణం.

వీడియో గేమ్‌లోని క్రాష్ బ్యాండికూట్ మన పందికొక్కేనా?

పేరు మనది, జంతువు వాళ్ళది. 1996లో నాటీ డాగ్ సంస్థ ప్లేస్టేషన్ కోసం చేసిన ఆట అది. అందులోని నారింజరంగు కథానాయకుడు ఆస్ట్రేలియా బ్యాండికూట్. ఈ మాట ప్రపంచంలో కోట్ల మంది పిల్లల నోళ్ళలో నానడానికి ఆ ఆటే కారణం. తెలుగు పిల్లలు కూడా దీన్ని పరాయి పేరనుకునే ఆడారు.

దీనికి భిన్నంగా, మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేయడానికి కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ తయారుచేసిన 'బ్యాండికూట్' రోబో పేరు మన అర్థంలోనే అతికింది. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. మనుషులు మురుగులోకి దిగి ప్రాణాలు పోగొట్టుకోకుండా ఆ పని యంత్రానికి అప్పగించడం దాని ఉద్దేశం. మురుగు కాలువల్లో తిరిగే జంతువు పేరు పెట్టడం మన దేశంలోనే తడుతుంది.

ముళ్ళపంది, గినీ పిగ్, చుంచు – ఇవన్నీ ఇదేనా?

కావు. ముళ్ళపంది ఇంగ్లీషులో పోర్క్యుపైన్. గినీ పిగ్ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెంపుడు జంతువు. చుంచు ఇంగ్లీషులో 'ష్రూ'. అది ఎలుక వర్గంలోదే కాదు, పురుగులు తినే వేరే జంతువు. మన్రో పడిన పొరపాటు ఇప్పటికీ కొన్ని తెలుగు–ఇంగ్లీషు జాబితాల్లో కనబడుతుంటుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన జంతువుల పేర్లు ఇంకేమున్నాయి?

ఖాయంగా చెప్పగలిగింది 'పిట్టా'. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు వియ్యో ఒక ప్రజాతికి మన పిట్ట పేరే పెట్టాడు. ఇప్పుడు ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లోని ఆ రంగురంగుల పక్షుల కుటుంబం మొత్తానికి ఇంగ్లీషులో అదే పేరు. మనకు పిట్ట అంటే ఏ చిన్న పక్షైనా. వాళ్ళకు ఆ ఒక్క కుటుంబమే.

'మంగూస్' విషయం కొంచెం చిక్కు. మన ముంగిసకు దగ్గరగానే ఉంది. కానీ నిఘంటువులు దాన్ని మరాఠీ మంగూస్ నుంచి వచ్చిందంటాయి, దాని వెనక ద్రావిడ మూలం ఉండవచ్చంటాయి. కాబట్టి 'తెలుగు నుంచి వచ్చింది' అని తెగేసి చెప్పకూడదు. జంతువు కాకపోయినా 'గోడౌన్' కూడా ఇలాంటిదే: ఇంగ్లీషుకు అది మలయ్ భాషలోని గుదాంగ్ మీదుగా చేరింది, దానికి ముందు మన గిడ్డంగా, తమిళుల కిడంగా అన్నది విడదీయడం కష్టం.

ఒక ఇంగ్లీషు మాట తెలుగు నుంచి వచ్చిందని ఎవరైనా అంటే ఎలా సరిచూడాలి?

పెద్ద నిఘంటువు తెరిచి ఆ మాట కింద వ్యుత్పత్తి భాగం చూడండి. అక్కడ తెలుగు పేరు ఉందా, లేక 'ద్రావిడ భాష' అని మాత్రమే ఉందా గమనించండి. రెండూ ఒకటి కాదు. తర్వాత మొదటిసారి అచ్చయిన ఏడాది చూడండి. మచిలీపట్నానికి, మద్రాసుకు ఇంగ్లీషువాళ్ళు రాకముందే ఇంగ్లీషులో ఉన్న మాట తెలుగు నుంచి నేరుగా వెళ్ళి ఉండదు. మధ్యలో పోర్చుగీసు, మలయ్, హిందుస్తానీ ఉన్నాయేమో చూడండి. చివరగా అదే వస్తువుకు తమిళం, కన్నడం, మరాఠీలో ఏమంటారో కనుక్కోండి. అన్నిచోట్లా ఒకే రూపం ఉంటే ఏ భాష నుంచి వెళ్ళిందో తేల్చడం దాదాపు అసాధ్యం. పందికొక్కు నెగ్గింది ఈ ఆఖరి పరీక్షలోనే.